కాటిసీనులో వినబడని పేరు



కోతలు ముగిసిన పిమ్మట మా పొరుగూరివారు బలిజేపల్లి లక్ష్మీకాంత కవిగారి సత్య హరిశ్చంద్రీయ నాటకమును ప్రదర్శించిరి. వారిలో రైతులు, ఒక దర్జీ, ఒక ఉపాధ్యాయుడు కలరు. నటనయే జీవనముగా గలవారొక్కరును లేరు. పద్యములే ప్రాణముగా గల యీ నాటకమును హార్మోనియము శ్రుతితో తెల్లవారువరకు ఆడుట మన పల్లెల వాడుక. నేనును వెళ్లి చూచితిని. మెచ్చవలసినది చాల కలదు. చెప్పవలసిన లోపములు రెండు కలవు.

మొదటిది రాగమును గూర్చినది. రాజ్యము విడిచిన రాజు కాశీలో భార్యను అమ్ముచున్నాడు. ఆ ఘట్టమున హరిశ్చంద్ర పాత్రధారి పద్యము చివర రాగమును మిక్కిలి సాగదీసెను. జనులు ‘వన్స్ మోర్’ అని కేకలు వేయగా మరల పాడెను. ఆ యిల్లాలిని రెండు మారులు అమ్మినట్లాయెను! చంద్రమతి వేషధారి యేమి చేయవలెనో తోచక తల వంచుకొని నిలిచెను. పాట వినుచు మేము రాజు దుఃఖమునే మరచితిమి.

నక్షత్రకుడుగా దర్జీ నటించెను. అతని గొంతు అంత మంచిది కాదు. అయినను అతడు బాకీ అడిగినప్పుడెల్ల, అప్పులవాడు మా వాకిటనే నిలిచినట్లు తోచెను.

కాటిసీనులో రాజు పాత్రధారి మారిపోయెను. శ్మశానమును గూర్చిన పద్యములను సాగదీయక, తనలో తాను చెప్పుకొన్నట్లు పాడెను. ఎవరును కేక వేయలేదు. పాము కరచి చనిపోయిన లోహితుని తల్లి మోసికొని రాగా, కాటికాపరియైన తండ్రి సుంకమడిగెను. స్త్రీలు కన్నీరు తుడుచుకొనిరి.

ఇచ్చటనే రెండవ లోపము. ఆ శ్మశాన పద్యములు బలిజేపల్లివారివి కావు. గుఱ్ఱం జాషువగారి శ్మశానవాటిలోనివి. నటులు వానిని నాటకములో చేర్చి పాడగా జనులు తమవిగా చేసికొనిరి. జాషువగారు 1895లో వినుకొండలో పుట్టిన క్రైస్తవ కవి. అంటరానితనపు అవమానములు పడినవారు. వారి క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమి బహుమానము వచ్చెను. ఆ రాత్రి మైకులో నాటకకర్త పేరు చెప్పిరి, హార్మోనిస్టు పేరు చెప్పిరి, నూట పదహారు రూపాయలిచ్చిన దాత పేరును చెప్పిరి. జాషువగారి పేరు మాత్రము చెప్పలేదు.

తెల్లవారిన పిమ్మట సంఘము పెద్దను అడిగితిని. “అయ్యగారూ, అవి నాటకములోనివే అనుకొంటిమి. మా గురువుగారు అట్లే నేర్పిరి. ఈసారి తప్పక చెప్పెదము” అనెను. అతని మాటలో కపటము లేదు.

మాట తప్పక బాకీ తీర్చిన రాజు కథ యిది. దానిని ఆడువారు ఒక కవికి బాకీపడి యుండుట తగునా? మీ యూరిలో ఈ నాటకమాడినప్పుడు మీరును వెళ్లుడి. తెర లేవకముందే పెద్దలను కలిసి, ఆ పేరు మైకులో చెప్పుడని మర్యాదగా అడుగుడి.