అహోబిల చెంచిత కథ: ప్రదర్శన నిర్వహణ, రూప పరిణామం

తెలుగు నాటక విమర్శలో 'నిర్వహణ' అనే మాట రెండు అర్థాలలో కనిపిస్తుంది. ఐదు సంధులలో చివరిది నిర్వహణ సంధి. ప్రదర్శనకు కావలసిన మనుషులను, ద్రవ్యాన్ని, వేళను, చోటును సమకూర్చే పని కూడా నిర్వహణే. మొదటి అర్థాన్ని లాక్షణికులు మొదలు నేటి పరిశోధకుల దాకా విస్తారంగా చర్చించారు. రెండవది సన్మాన సంచికలకు, నటుల జ్ఞాపకాలకు మిగిలిపోయింది. భరతుడికి ఈ పట్టింపు లేదు. నాట్యశాస్త్రం 35వ అధ్యాయం సూత్రధారుడు, పారిపార్శ్వకుడు, నటుడు ఉన్న వరుసలోనే కిరీటాలు చేసేవానిని, ఆభరణాలు చేసేవానిని, పూలదండలు కట్టేవానిని, రజకుని పేర్కొన్నది. 27వ అధ్యాయం ప్రదర్శన సిద్ధిని నిరూపిస్తూ, దానికి కలిగే విఘాతాలలో గాలి, నిప్పు, వాన, ఏనుగు, పాములతో పాటు చీమలను కూడా లెక్కించింది. చీమల సంగతి తలచినవాడు ఆరుబయట ఆట నడిపిన అనుభవం గలవాడే అయివుండాలి.

ప్రదర్శన రూపాన్ని నిర్ణయించేది ఇతివృత్తమేనా, నిర్వహణకు అందులో ఎంత పాలు ఉంది అన్న ప్రశ్నను పరిశీలించడానికి అహోబిల నరసింహుడు చెంచితను వరించిన కథ అనువైనది. నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ మండలంలోని అహోబిలం ఈ కథకు నెలవు. ఒకే కథ అక్కడ పార్వేట ఉత్సవంగా నడుస్తున్నది. చెంచు నాటకంగా యక్షగాన వాఙ్మయంలో నిలిచింది. 1943లోనూ 1958లోనూ చలనచిత్రమైంది. యక్షగాన పాఠాల చరిత్రకు ఎస్వీ జోగారావు 'ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్ర' (1961), ప్రదర్శన కళల వివరాలకు మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి 'తెలుగువారి జానపద కళారూపాలు' ఆధారాలుగా ఉన్నాయి. ఎవరు నడిపారు, ఎవరి ఖర్చుతో నడిపారు, ఏ దారిన నడిపారు అన్నవి ఆ ఆధారాల మీద ఇంకా అడగవలసిన ప్రశ్నలు.

పార్వేటతో మొదలుపెట్టడం న్యాయం. సంక్రాంతి వేళ జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరదస్వామి ఉత్సవమూర్తులు పల్లకిలో అహోబిలం విడిచి బయలుదేరుతారు. ఆళ్లగడ్డ పరిసరాలలోని ముప్పైకి పైగా గ్రామాలలో నలభై రోజులకు పైగా తిరిగి, ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవాల నాటికి క్షేత్రానికి చేరుతారు. ఆలయ వ్యవహారం అహోబిల మఠానిది. పల్లకి బయలుదేరే వేళ చెంచులు బాణం వేసి తమ మర్యాద తెలుపుతారు. స్వామి తన కల్యాణానికి అత్తవారిని, ఊరూరి భక్తులను తానే స్వయంగా వచ్చి పిలుస్తాడని జనుల నమ్మిక. తెలుగు ఇళ్లలో పెళ్లిపిలుపులకు బొట్టు, అక్షింతలు పట్టుకొని పెద్దవాళ్లు తిరుగుతారు. ఇక్కడ వరుడే గుమ్మం ముందు దిగుతాడు.

ఈ పిలుపు కథలో ఒక ఘట్టం. నిర్వహణ దృష్టితో చూస్తే అదే మొత్తం ఉత్సవానికి ఇరుసు. రాబోయే బ్రహ్మోత్సవానికి జనాన్ని కూడగట్టే పని, కానుకలు స్వీకరించే పని, గ్రామాలకూ క్షేత్రానికీ మధ్య పాత సంబంధాన్ని ఏటా కొత్తచేసే పని ఈ ఒక్క కల్పన వలన జరిగిపోతున్నాయి. పల్లకి ఏ ఊరికి ఎప్పుడు చేరాలన్నది ఆనవాయితీ నిర్ణయిస్తుంది. పల్లకి వచ్చిన రోజే ఆ ఊరికి పెద్ద పండుగ. చుట్టాలు దిగుతారు, పొయ్యిలు ఆరవు. బోయీల భుజాలు మార్చుకోవడానికి పట్టే దూరం, పల్లకి దించడానికి ఉన్న అరుగు, రాత్రి మజిలీ, మరునాటి పొద్దు ప్రయాణం అనేవే ఈ ప్రదర్శనకు అంకవిభాగం. రాతప్రతి లేదు. ఒక్క చేతిలో పగ్గం లేదు. మఠం, అర్చకులు, బోయీలు, చెంచులు, గ్రామాలు ఎవరి వంతు వారు చేస్తారు. ఈ ప్రాంతంలో ఓబులేసు, ఓబయ్య, ఓబులమ్మ వంటి పేర్లు ఇంటింటా వినిపించడానికి కారణం స్థలపురాణ పఠనం అనుకోవడం కంటే, స్వామి ఏటా ఇంటిదాకా నడిచి రావడం అనుకోవడమే సమంజసం.

ఆరాధనను ప్రదర్శన అనడం తగునా అన్న అభ్యంతరం సహజమే. దర్శనమిచ్చే మూర్తిని భక్తుడు పాత్రధారిగా చూడడు. ఆ భేదాన్ని చెరిపివేయనక్కరలేదు. అయితే కాశీ సమీపంలోని రామనగర్ రామలీలను రిచర్డ్ షెక్నర్ అధ్యయనం చేసినప్పుడు ఆరాధనకూ ప్రదర్శనకూ ఉమ్మడిగా ఉన్న అంశాలే అతనికి సామగ్రి అయ్యాయి. దాదాపు నెలరోజులపాటు సాగే ఆ లీలలో ఊరంతా రంగస్థలమే. ప్రేక్షకులు ఒక చోటి నుంచి మరో చోటికి కదులుతారు. దాని పోషకుడు కాశీరాజు. పార్వేటలో కదిలేది స్వామి. పోషణ ఊళ్లకు పంచబడి ఉంది. రాజపోషణలోని ప్రదర్శన రాజు కొలువు చుట్టూ తిరుగుతుంది. ఊళ్లు పంచుకున్న ప్రదర్శనలో ప్రతి మజిలీ సమానంగా ప్రధానమవుతుంది. అందువల్లనే పార్వేటకు పతాక సన్నివేశం ఎక్కడో చెప్పడం కష్టం.

చెంచు నాటకానికి వస్తే స్థితి మారుతుంది. ఓబయమంత్రి 'గరుడాచలము' ఈ శాఖలో ప్రసిద్ధం, గరుడాచలమంటే అహోబిలమే. నరసింహుడు, చెంచిత, ఆదిలక్ష్మి అనే మూడు ముఖ్యపాత్రలతో, చెంచితతో ప్రణయం, సవతుల కయ్యం, చివర సమాధానం అనే క్రమంలో చెంచు నాటకం నడుస్తుంది. పాత్రల పొదుపును కవి శిల్పంగా వ్యాఖ్యానించడం పరిపాటి. ఊరూరు తిరిగే మేళానికి మనుషుల పొదుపు కూడా అవసరమే కదా. తెర పట్టడానికి ఇద్దరు, దివిటీలకు ఇద్దరు, వంతపాటకు, మద్దెలకు, తాళానికి మనుషులు పోగా వేషానికి మిగిలేది కొద్దిమందే. హాస్యగాని ప్రసంగం కథకు అడ్డమన్న విమర్శ ఉంది. తెరచాటున వేషం మారడానికి, దివిటీలో నూనె పోయడానికి కావలసిన వ్యవధిని ఆ ప్రసంగమే ఇస్తుంది. ఈ రూపంలో చెంచులు నిర్వాహకులు కారు. వారి భాష, వేషం, వేట మేళగాళ్ల చేతి సామగ్రి అయ్యాయి. అయినా సవతుల కయ్యంలో చెంచిత మాటకు మాట చెప్పగల మనిషిగా నిలబడింది. ఆమె గొంతు వినిపించాలంటే ఎదుట మరొక స్త్రీపాత్ర నిలవాలి. రెండు వేషాలకు ఇద్దరు ఆటగాళ్లను పోషించగల మేళం ఉన్నంత కాలమే ఆ కయ్యం పండుతుంది.

పద్యనాటకాల కాలంలో ఈ ప్రాంతంలో దారి కూడా మారింది. గుంతకల్లు నుంచి బెజవాడకు వెళ్లే మీటరుగేజి మార్గం నంద్యాల మీదుగా పడింది. ఒక కొసన బళ్లారి నాటక సమాజాల లోకం, మరొక కొసన కోస్తా నటుల లోకం; నడుమ నంద్యాల. ఆళ్లగడ్డకు రైలు లేదు. పల్లకి నడిచి చేరే ఊళ్లకూ, నటుడు రైలు దిగి చేరే ఊరికీ ప్రదర్శన వేరువేరు రూపాలలో అందడంలో ఆశ్చర్యం లేదు. కంట్రాక్టు నాటకం రైలు బిడ్డ. వేరువేరు సమాజాల నుంచి పేరున్న నటులను ఒక్క రాత్రికి కుదుర్చుకొని, ఒకే కృష్ణపాత్రను అంకానికొకరి చేత వేయించిన పద్ధతిని విమర్శకులు దుయ్యబట్టారు. రిహార్సలు లేదు, సమష్టి నటన లేదు అన్నది వారి ఆక్షేపణ, అది నిజమే. కానీ ముందురోజు దాకా ఒకరి ముఖం ఒకరు చూడని నటులు రాత్రికి కలిసి ఆడగలిగారంటే, తిరుపతి వేంకట కవుల పద్యాలు అప్పటికే అందరి నోట స్థిరపడి ఉండాలి. పద్యం అంత బిగువుగా నిలవడానికి ఈ నిర్వహణ పద్ధతి కూడా కారణమైంది. ఇదే సీమలో 1885లో 'కీచకవధ'తో మొదలైన సురభి దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ కుటుంబమే కంపెనీ. స్త్రీపాత్రలకు స్త్రీలు దొరకడం ఆ ఏర్పాటు ఫలం.

చలనచిత్రంలో నిర్వహణకు ప్రత్యేకమైన ఉద్యోగమే ఏర్పడింది. తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి దర్శకుడు కాకముందు వాహినీ సంస్థలో ప్రొడక్షన్ మేనేజరు. స్టాప్‌వాచ్‌తో సన్నివేశాన్ని కొలిచి, రాతప్రతి పూర్తిగా సిద్ధమయ్యాకనే చిత్రీకరణకు దిగే అతని అలవాటును సినిమా విమర్శ దర్శక ప్రతిభలో భాగంగా చెప్పుకుంది. ఫిల్మునూ రోజులనూ లెక్కచూసిన ఉద్యోగానుభవం దానికి పునాది అని ఎవరూ గట్టిగా అనలేదు.

1943 నాటి 'చెంచులక్ష్మి'లో కమలా కోట్నిస్ నాయిక. బి.ఎ.సుబ్బారావు దర్శకత్వంలో 1958లో వచ్చిన చిత్రంలో అక్కినేని నాగేశ్వరరావు, అంజలీదేవి జంట. ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడు. సాలూరి రాజేశ్వరరావు సంగీతం. ప్రహ్లాద కథను, చెంచిత కథను ఇందులో ఒకటిగా కూర్చారు. ఉగ్రనరసింహుని శాంతింపజేయడం అనే పౌరాణిక సూత్రం ఈ కూర్పుకు ఉంది. ఇంత పెద్ద తారాగణానికి రెండు కథలూ అవసరమయ్యాయన్నదీ అంతే స్పష్టం. లక్ష్మీదేవి, చెంచులక్ష్మి పాత్రలు రెంటినీ అంజలీదేవే ధరించింది. నటిగా ఆమెకు అది గొప్ప అవకాశం. ఆటవిక చాపల్యాన్నీ దేవతా గాంభీర్యాన్నీ ఆమె వేరుచేసి చూపిన తీరు నేటికీ మెచ్చదగినది. అయితే ఒకే తార రెండు పాత్రలూ ధరించిన చిత్రంలో సవతుల కయ్యానికి చోటెక్కడిది? చెంచు నాటకంలో చెంచితకు నోరిచ్చిన ఘట్టం పక్కకు జరిగి, ఆమె లక్ష్మికి మరో రూపంగా స్థిరపడింది. చెంచుగూడెం మద్రాసు స్టూడియో పద్ధతిలో నృత్యబృందమైంది. చిత్రం వినోదంగా గెలిచింది. చెంచిత చెంచితగా ఓడింది.

ఈ మూడు రూపాలను కథాభేదాల పట్టికగా పేర్చి, ఏది మూలానికి దగ్గర అని తేల్చే పద్ధతి సిద్ధాంత వ్యాసాలలో తరచు కనిపిస్తుంది. చెంచుల స్థానం కోణం నుంచి చూస్తే వేరే క్రమం బయటపడుతుంది: పార్వేటలో హక్కుదారులు, చెంచు నాటకంలో పాత్రలు, సినిమాలో నేపథ్యం. పాఠ పరిష్కరణకు తాళపత్రాలు ఎంత ముఖ్యమో, ఈ క్రమాన్ని నిర్ధారించడానికి మఠం లెక్కలు, మేళాల ఒప్పందాలు, ఊళ్లలో పల్లకి వంతుల వివరాలు అంత ముఖ్యం. సినిమా మొదట్లో పడే పేర్లలో ప్రొడక్షన్ మేనేజరు పేరు క్షణకాలమైనా కనిపిస్తుంది. పార్వేట వంతులు మాత్రం ఆళ్లగడ్డ చుట్టుపట్ల ఊళ్ల పెద్దల నోట ఉన్నాయి; వాటిని అడిగి రాసుకోవలసిన పని ఇంకా మిగిలే ఉంది.