సాకేకు పీట, సాకకు కేసు

జపాన్ వాళ్లు బియ్యంతో చేసుకునే మద్యం పేరు సాకే. ఆ పేరు వినగానే మాకు మా 'సాక' గుర్తుకొస్తుంది. దేవర ముందు నిలబడి, పెద్దల పేర్లు తలుచుకుని నేల మీద ధారగా పోసేది సాక. అది కల్లు కావచ్చు, ఇప్పసారా కావచ్చు, ఏదీ లేని నాడు బెల్లం నీళ్లు కావచ్చు. సాకే, సాక అనే రెండు మాటలకు చుట్టరికం ఏమీ లేదు, చెవికి దగ్గరగా వినిపిస్తాయి అంతే. పనిలో మాత్రం చుట్టరికం ఉంది. వాళ్లు కూడా తమ గుళ్లలో దేవతలకు పెట్టాకే తాగుతారు. 2024 డిసెంబరులో యునెస్కో ఆ సాకే కాచే విద్యను మానవజాతి సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. పాత వరంగల్ జిల్లా అడవుల్లో, తాడ్వాయి నుంచి కొత్తగూడ దాకా, ఇప్పసారా కాచే విద్య గురించి సర్కారు కాగితం ఏదైనా ఉందంటే అది ఎక్సైజు కేసు కాగితమే.

ఒక సీసా సాకే వేల రూపాయలు పలుకుతుంది. ఎందుకు పలుకుతుందో కొంచెం నిదానంగా చూడాలి. మా ఇప్పకుండకు ధర ఎందుకు లేదో కూడా అక్కడే తెలుస్తుంది.

సాకేను పొగిడేవాళ్లు ముందు బియ్యం సంగతి చెప్తారు. అది తిండి బియ్యం కాదు. పేరున్న రకం యమదా నిషికి. 1923లో హ్యోగో ప్రాంతంలో రెండు రకాలను సంకరం చేశారు, 1936లో ఆ పేరు పెట్టారు. గింజ పెద్దది, నడిమధ్యన తెల్లటి పిండి ముద్ద ఉంటుంది. పైరు ఎత్తు పెరిగి గాలివానకు పడిపోతుంది, అందుకని సాగు కష్టం. గింజ పైపొరల్లో మాంసకృత్తులు, కొవ్వు ఉంటాయి. అవి ఉంటే రుచి మొరటుగా వస్తుందని గింజను అరగదీస్తారు. 60 శాతం లేదా అంతకంటే తక్కువ మిగిలేలా అరగదీస్తే దాన్ని గింజో అంటారు (మన గింజకూ దీనికీ కూడా చుట్టరికం లేదు). 50 శాతం లేదా ఇంకా తక్కువ మిగిలితే దైగింజో. 'దస్సాయ్ 23' అని పేరుమోసిన సీసా ఒకటుంది. ఆ 23 అంటే మిగిలిన గింజ 23 శాతమే అని అర్థం. నూరు కిలోల ముడిబియ్యం పోస్తే 77 కిలోలు పిండిగా రాలిపోతుంది. తొందరపడితే వేడికి గింజ చిట్లుతుంది, కాబట్టి రోజుల తరబడి మెల్లగా అరగదీయాలి.

మిగిలిన ఆ ముత్యమంత గింజను కడిగి, నానబెట్టి, ఆవిరి మీద ఉడికిస్తారు. దాని మీద కోజి అనే బూజు చల్లుతారు. కోజి పిండిని చక్కెరగా మారుస్తుంది, ఈస్టు ఆ చక్కెరను మద్యం చేస్తుంది. రెండు పనులూ ఒకే తొట్టిలో ఒకేసారి జరుగుతాయి. ఈ విద్యలో గొప్పంతా అక్కడుంది. సాకేను మన సారాలాగా బట్టీ పెట్టి ఆవిరి తీయరు, పులిసిన దాన్ని వడగడతారు. చలికాలంలో, తక్కువ వేడిలో, నెలకు అటూ ఇటూగా పులియనిస్తారు. అన్నిటికన్నా ఖరీదైన రకానికి పులిసిన ముద్దను గుడ్డ సంచుల్లో పోసి వేలాడదీస్తారు. పిండరు. దానంతటది కారిన చుక్కనే పడతారు.

ఇంత పని ఉన్నప్పుడు ఖరీదు ఉండడం న్యాయమే అనిపిస్తుంది. పనిని మేం కాదనం. కాకపోతే ఈ పొగడ్తలో ఒక మెలిక ఉంది. సాకే కాచే పెద్దను తోజి అంటారు. ఆ తోజిలు పాతరోజుల్లో మంచు కమ్మిన పల్లెల రైతులు. పొలం పని లేని చలికాలంలో ఇల్లు విడిచి కాపుశాలలకు పనికిపోయేవాళ్లు. ఇవాటే ప్రాంతపు నంబు తోజిల పేరు ఇప్పటికీ గౌరవంగా చెప్తారు. వలసపోయిన రైతు విద్యకు అలా పేరు దక్కింది. కానీ యమగుచి కొండల్లో దస్సాయ్ కాచే కంపెనీ తోజి లేకుండానే కాస్తుంది. పనివాళ్లు కొలతలు, లెక్కలు చూసుకుంటూ ఏడాది పొడవునా కాస్తారు. అయినా దస్సాయ్ 23 ధర జపాన్‌లోనే అయిదు వేల యెన్‌లకు పైమాట, మన లెక్కలో సుమారు మూడు వేల రూపాయలు. చలికాలమూ లేదు, ముసలి తోజి చేతివాటమూ లేదు, ధర మాత్రం ఉంది. అంటే ధర ఒక్క చేతిపనిలో లేదు. మంచి గింజలో ముప్పాతిక భాగం తీసి పక్కన పెట్టగల స్తోమతలో ఉంది. ఎంత తీసేశామో ఆ అంకెను సీసా మీద అచ్చువేసి చెప్పుకోగలగడంలో ఉంది. 2015లో జపాన్ ప్రభుత్వం 'నిహోన్షు' అన్న పేరుకు భౌగోళిక గుర్తింపు ఇచ్చి, జపాన్‌లో పండిన బియ్యంతో జపాన్‌లోనే కాచిన దానికే ఆ పేరు దక్కేలా కట్టడి చేసింది. ధరలో ఆ సర్కారు ముద్ర కూడా ఉంది.

ఇక మా ఇప్ప దగ్గరికి రండి. ఫాల్గుణంలో చెట్టు ఆకు రాల్చి పూతకు వస్తుంది. పువ్వు కోసేది కాదు, రాలేది. రాత్రి రాలడం మొదలై తెల్లారే దాకా రాలుతుంది. కోడి కూయకముందే ఆడవాళ్లు, పిల్లలు గంపలు పట్టుకుని పోతారు. మా బడుల్లో మార్చి నెల హాజరు పట్టీ చూస్తే ఏ ఊళ్లో ఎన్ని ఇప్పచెట్లున్నాయో చెప్పొచ్చు. పొద్దెక్కితే పువ్వు వాడిపోతుంది, పశువులూ ఎలుగులూ తింటాయి. ఒక్కొక్క పువ్వు వంగి ఏరాలి. ఏరిన పువ్వును శుభ్రమైన నేల మీద ఎండబోయాలి. చెమ్మ తగిలితే బూజు పడుతుంది, ఎండ ఎక్కువైతే గట్టిపడుతుంది. మంచి ఎండు పువ్వు ఎర్రగా, మెత్తగా, వేలితో నొక్కితే బంకగా ఉంటుంది. ఏ చెట్టు పువ్వు తీపో, ఏ చెట్టుది వగరో గూడెంలో ముసలమ్మలకు తెలుసు. ఆ చెట్లకు పేర్లు కూడా ఉంటాయి.

కాచేటప్పుడు పువ్వును నీళ్లలో నానబెట్టి కొన్ని రోజులు పులియనిస్తారు. నురగ కట్టడం ఆగిందా, వాసన తిరిగిందా అని చెవితో, ముక్కుతో చూస్తారు. తర్వాత పొయ్యి మీద కుండ, దాని మీద ఇంకో కుండ, పైన చన్నీళ్లు. మంట సన్నగా ఉండాలి. మంట పెరిగితే మాడు వాసన వస్తుంది, చన్నీళ్లు మార్చడం ఆలస్యమైతే ఆవిరి వృథా పోతుంది. మొదట కారిన దాన్ని రెండు చుక్కలు నిప్పుల మీద చల్లి, మంట లేచే తీరు చూసి ఘాటు చెప్తారు. ఈ విద్యకు తోజి మా గూడెం ముసలమ్మే. ఆమెకు బిరుదు లేదు, సంఘం లేదు. ఏ సీసా మీదా ఆమె పేరు లేదు.

ఇంకో తేడా కూడా చెప్పుకోవాలి. సాకే ఖరీదంతా గింజలో ఎంత తీసేశారన్న దాని మీద ఉంటే, ఇప్పలో తీసేసేది ఏమీ లేదు. అదే పువ్వును ఉడకబెట్టి తింటాం, గింజల్లో కలిపి దంచుకుంటాం. తిండి దొరకని నెలల్లో మా తాతల తరాన్ని బతికించింది అదే. ఉట్నూరు వైపు మా అక్కలు దాంతో లడ్డూలు చేసి హాస్టలు పిల్లలకు పెడుతున్నారు. పువ్వు అయిపోయాక కాయ, కాయలోని పలుకు నుంచి నూనె. ఏదీ పోని చోట ఖరీదును లెక్కగట్టే కొలత బజారు దగ్గర లేదు.

సాకే అయినా, ఇప్పసారా అయినా, చరిత్ర చూడకుండా ఖరీదు అర్థం కాదు. జపాన్‌లో రైతుల ఇళ్లలో దొబురొకు అనే తెల్లటి, వడగట్టని సాకే కాచుకునేవాళ్లు. 1899లో ప్రభుత్వం ఇంటికాపును పూర్తిగా నిషేధించింది. కారణం ఆరోగ్యం కాదు, పన్ను. ఆ రోజుల్లో వాళ్ల ఖజానాకు మద్యం పన్నే పెద్ద ఆదాయం. ఉత్తరాన హొక్కైదోలో ఐనులు అనే ఆదివాసులున్నారు. చిరుధాన్యంతో తొనొతో అనే మద్యం కాచి దేవతలకు పోయడం వాళ్ల ఆచారం. ఇంటికాపు నిషేధం వాళ్ల కుండకూ తగిలింది. నా ఇంట్లో నా తిండిగింజతో నేను కాచుకునే హక్కు నాకుంది అని మయెదా తోషిహికో అనే పెద్దమనిషి బహిరంగంగా కాచి కేసు పెట్టించుకున్నాడు. 1989లో అక్కడి సుప్రీం కోర్టు పన్ను చట్టమే చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఇవాళ యునెస్కో మెచ్చుకున్న సాకే ఆ ఇంటికుండలు పగిలాక, లైసెన్సు ఉన్న కాపుశాలల్లో మిగిలిన సాకే. సాకే సీసా పట్టుకుని మురిసేవాళ్లు ఎవరూ ఈ సంగతి ఎత్తరు.

మన దగ్గరా అదే వరస. బొంబాయి రాజధానిలో తెల్లదొరలు 1892లో ఏకంగా ఇప్పపువ్వు మీదే చట్టం చేశారు. వరంగల్ అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది. అక్కడ 1316 ఫసలీలో, అంటే 1907 ప్రాంతంలో, ఆబ్కారీ చట్టం వచ్చింది. అడవి ఊళ్లలోకి ఆబ్కారీ గుత్తేదారు వచ్చాడు. కాచుకునే చెయ్యి కొనుక్కునే చెయ్యి అయింది, వెనకనే అప్పు, అప్పు వెనక భూమి. తర్వాత 1968 ఎక్సైజు చట్టం వచ్చింది. 1993లో సారా నిషేధించారు, 1995లో మద్యమంతా నిషేధించారు, 1997లో సీసా మద్యం మళ్లీ తెరిచారు. తెరిచినప్పుడు తిరిగి వచ్చింది కంపెనీల విస్కీ, బ్రాందీ. మా కుండ రాలేదు.

ఇందులో తెలుగు రాతకు కూడా బాధ్యత ఉంది. మా గూడేల మీద బయటివాళ్లు రాసిన కథల్లో సారా ఎప్పుడూ ఒక్క పనికే వస్తుంది. ఆదివాసీ అమాయకుడని, రేపటి ఆలోచన లేనివాడని చూపించడానికి. పుట్టుక దగ్గర, పెళ్లి మాట దగ్గర, చావు దగ్గర ముందు నేలకు పోసి, తర్వాత పెద్దలకు ఇచ్చి, వరస ప్రకారం ఆకు దొప్ప చేతులు మారే క్రమం ఆ కథల్లో కనిపించదు. వార్తల్లో ఇంకా ఘోరం. బెల్లం, పటిక, నవసాగరం వేసి కాచే గుడుంబా, పువ్వు మాత్రమే వేసి కాచే ఇప్పసారా, రెండూ 'నాటుసారా' అనే ఒక్క మాట కింద పడతాయి. ఫ్రాన్సు ద్రాక్షసారాను సంస్కృతి అని రాసే కలమే మా కుండను స్థావరం అని రాస్తుంది. మాట మారితే చట్టం మారుతుందని కాదు. కానీ ఈ మాటతోనే కేసు మొదలవుతుంది.

ఈ మధ్య గాలి మారిందంటున్నారు. గోవా జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2016లో ఆ రాష్ట్రం దాన్ని వారసత్వ పానీయం అంది. మధ్యప్రదేశ్ 2021లో ఇప్పసారాను వారసత్వ మద్యం అంటామని ప్రకటించి, అలీరాజ్‌పూర్, డిండోరి జిల్లాల ఆదివాసీ సంఘాల చేత కాయించి సీసాల్లో పోయించింది. ఇది మంచి అడుగే. మన చిత్తూరు జిల్లాలో కాపుశాల ఉన్న ఒక కంపెనీ కూడా ఇప్పమద్యాన్ని ఖరీదైన సీసాగా బయటి రాష్ట్రాల బజారులో పెట్టింది. ఆ సీసాల మీద అడవి బొమ్మలు అందంగా ఉంటాయి. మేం అడిగేది ఒక్కటే, పువ్వు ఏరినవాళ్లకు అందులో ఎంత? 2020లో కేంద్రం ఎండు ఇప్పపువ్వు మద్దతు ధరను కిలోకు రూ.17 నుంచి రూ.30కి పెంచింది. తెల్లవారుజామున వంగి ఏరి, వారం ఎండబెట్టిన కిలో పువ్వుకు ముప్పై రూపాయలు! సాకే దారిలో పోతే మాకూ ఇదే జరుగుతుంది. ముందు ఇంటికుండ పగులుతుంది, తర్వాత ఇంకెవరి లైసెన్సుతోనో సీసా పుడుతుంది.

తెలంగాణలో 2021 మద్యం విధానం 2,620 దుకాణాల్లో 5 శాతం, అంటే 131 దుకాణాలు, ఎస్టీలకు కేటాయించింది. గీత వృత్తి గౌరవం కోసం 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచారు. గౌడ అన్నల చెట్టుకు దక్కిన మర్యాద మాకు సంతోషమే. మాకు దక్కింది మాత్రం కంపెనీ విస్కీ అమ్మే హక్కు. మా చెట్టు ఊసు అందులో లేదు.

తాగుడు వల్ల కాపురాలు కూలలేదని మేం అనం. బడిలో పాఠం చెప్పేవాళ్లం, ఏ పిల్లవాడు ఎందుకు నిద్రమొహంతో వస్తాడో మాకు తెలుసు. 1992లో దూబగుంట ఆడవాళ్లు ఎందుకు లేచారో మా ఊళ్ల ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే మేం అంగట్లో అమ్మకం అడగడం లేదు. 1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, అదుపు చేసే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలంది. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యమూ వాటికే అంది. దానికి నియమాలు 2011లో వచ్చాయి. ఒక గూడెం ఆడవాళ్లు సభలో కూర్చుని బెల్టు షాపు వద్దంటే మూతపడాలి. పండుగకు, పెళ్లికి, దినాలకు ఇన్ని కుండలు చాలు అంటే ఆ కుండల జోలికి ఎవరూ రాకూడదు.

జపాన్‌లో షిరకవ అనే కొండ ఊళ్లున్నాయి. ఏటా పంట చేతికొచ్చే కాలంలో అక్కడి గుళ్లలో దొబురొకు పండుగ చేస్తారు. ఇంటికాపు నిషేధం ఇప్పటికీ ఉన్న దేశంలోనే ఆ గుళ్లకు ప్రత్యేక అనుమతి ఉంది. గుడి దగ్గరే కాచి, దేవతకు పెట్టి, వచ్చినవాళ్లకు పోస్తారు. మేడారంలో రెండేళ్లకోసారి కోటి మంది దాకా వస్తారని సర్కారే చెప్పే జాతర జరుగుతుంది. ఆ నాలుగు రోజులకు అక్కడ ప్రత్యేకంగా లైసెన్సులు ఇచ్చేది తాత్కాలిక మద్యం దుకాణాలకు. వాటిలో దొరికేది కంపెనీ సీసాలే.