ఈ ఏడు మనవాళ్లతోనే

డిసెంబరు వస్తే చాలు, ఎవరెన్ని పుస్తకాలు చదివారో జాబితాలు బయటికొస్తాయి. ఒకరు యాభై అంటారు, మరొకరు వంద. మా టీకొట్టు దగ్గర ఓ పెద్దాయన నన్నూ నిలదీశారు: "ఏటి మాస్టారూ, ఈయేడు ఎన్ని లాగించీసేరు?" నా దగ్గర చెప్పుకోదగ్గ లెక్క లేదు. ఈ ఏడాదంతా శ్రీకాకుళం, విజయనగరం వాళ్లనే చదవాలని జనవరిలో గీత గీసుకున్నాను. ఆ గీతా సరిగ్గా నిలవలేదు. చాసో పుట్టింది శ్రీకాకుళంలో, బతికింది విజయనగరంలో. రావిశాస్త్రి పుట్టిందీ శ్రీకాకుళంలోనే, కోర్టూ కథలూ మాత్రం విశాఖపట్నంలో. అసలు విజయనగరం జిల్లా పుట్టిందే 1979లో. రచయితలకి సరిహద్దు రాళ్లు పాతడం రెవెన్యూవాళ్ల తరం కూడా కాదు.

ఎక్కువ రోజులు తినేసింది కన్యాశుల్కమే. మనందరికీ తెలిసింది 1909 నాటి కూర్పు. 1897 నాటి మొదటిదాన్ని పరిశోధకుడు బంగోరె పట్టుబట్టి మళ్లీ అచ్చులోకి తెచ్చారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఇందులో ఓ రంగం, అందులో ఓ రంగం చదువుకుంటూ పోయాను. అయిదంకాలు ఏడయ్యాయి. మధురవాణి పాత్ర పెద్దదైంది, నాటకాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. మొదటిదాంట్లో సంఘ సంస్కరణ గొంతు పైకి వినిపిస్తుంది. రెండోదాంట్లో దాన్ని మనుషుల కబుర్లు మింగేశాయి. పేరొచ్చిన నాటకాన్ని పన్నెండేళ్ల తర్వాత విప్పి మళ్లీ కట్టడానికి ఎంత తెగువ కావాలి! ఇప్పటివాళ్లం రెండో ముద్రణలో అచ్చుతప్పులు దిద్దితే గొప్ప. రెండోదే గొప్పదని నేనూ ఒప్పుకుంటాను గానీ, మొదటిది చదవకపోతే ఆ గొప్ప ఎక్కణ్నుంచి వచ్చిందో తెలీదు.

చాసో 'వాయులీనం' ఎప్పుడో చదివిందే. భార్య జబ్బు నయం చేయించడానికి ఆమె ఫిడేలునే అమ్మేసిన భర్త కథ. ఈసారి తట్టిందేమిటంటే, అది ఫిడేలు విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఊళ్లో బతికిన మనిషి రాసిన కథ. 1919లో మహారాజావారి సంగీత కళాశాల పెట్టిన ఊరది. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాలు, ఆయన తర్వాత ద్వారంవారు. ఫిడేలుకి అంత గౌరవమున్న చోట, మధ్యతరగతి ఇంట్లో అది అమ్ముకోదగ్గ సరుకైపోయింది. చాసో ఈ మాట ఎక్కడా అనడు. ఆయన చెప్పకుండా వదిలేసినవి ఏరుకోవడానికే మళ్లీ చదవాలి.

పతంజలి సంగతి వేరు. అలమండ రాజుగారింటి కుక్క 'వీరబొబ్బిలి' గొప్పలు చెప్పుకుంటుంటే రాత్రిపూట ఒక్కణ్నే నవ్వాను. ఇంట్లోవాళ్లు లేచొచ్చి చూశారు.

కారా మాస్టారి 'యజ్ఞం' మాత్రం ఒక్క బిగిన చదవలేకపోయాను. ఆఖరికి ఏం జరుగుతుందో తెలిసి కూడా, సుందరపాలెం పంచాయితీలో అప్పు మీద నడిచే వాదన దగ్గరే రెండుసార్లు పుస్తకం మూసేశాను. అంత కథ రాసిన మనిషి తర్వాత రాయడం బాగా తగ్గించేసి ఇతరుల కథలు చదవడంలో, పోగుచేయడంలో పడ్డారు. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. పాత వారపత్రికలూ మాసపత్రికలూ కథల సంపుటాలూ, పేరున్నవాడూ లేనివాడూ ఒకే కప్పు కింద. ఇంకో నాలుగు కథలు రాసుంటే బాగుండేదని ఆయన అభిమానులు చాలామంది అంటారు. నాకలా అనిపించదు. రాసేవాళ్లు మనకెప్పుడూ తక్కువ కాలేదు. ఎదటివాడి కథని దాచిపెట్టేంత శ్రద్ధగా చదివినవాళ్లే తక్కువ.

ఒక వెలితి ఉంది. మనవాళ్లు మనవాళ్లు అంటూ ఏడాది గడిపి తెలుగు దాటలేదు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, సవర ఊసెత్తం. సీతంపేట వైపు కొండల్లో ఆ భాష ఇవాళా మాట్లాడుతున్నారు. జనవరిలో అటు వెళ్లి, ఓపిగ్గా పాటలూ కథలూ చెప్పేవాళ్లెవరైనా దొరుకుతారేమో వెతకాలి. టీకొట్టు పెద్దాయనకి వచ్చే ఏడు కూడా లెక్క చెప్పలేనేమో.