కావాలని కూల్చే పనితనం

లినక్స్ సర్వర్‌లో సిస్‌ఆర్‌క్యూ ట్రిగర్ ఫైలుకు 'సి' అనే ఒక్క అక్షరం పంపితే చాలు, కెర్నల్ అక్కడికక్కడే కుప్పకూలుతుంది. రూట్ అధికారం ఉన్న ఎవరైనా చేయగల ఈ పనిలో మెచ్చుకోవడానికి ఏముంది? కూలాక ఏం జరగాలో ముందే రాసిపెట్టుకుని, జరిగినదాన్ని దానితో సరిచూడడంలో ఉంది నేర్పు. కేడంప్ సరిగ్గా అమర్చి ఉంటే, విడిగా కేటాయించిన మెమరీలోంచి రెండో కెర్నల్ లేచి, పడిపోయినదాని మెమరీని వీఎంకోర్ ఫైలుగా రాస్తుంది. కేటాయించిన మెమరీ చాలకపోయినా, డిస్కులో చోటు లేకపోయినా ఫైలు రాదు. అంతా బాగున్నట్టు చూపే స్టేటస్ ఆదేశం ఈ సంగతి చెప్పదు.

మామూలుగా షట్‌డౌన్ చేసి చూడొచ్చుగా అంటారు. షట్‌డౌన్ మర్యాదస్తుల వ్యవహారం: సర్వీసులు వరుసగా ఆగుతాయి, డేటా డిస్కుకు చేరుతుంది, క్లస్టర్‌లోని తోటి సర్వర్లకు కబురు అందుతుంది. క్రాష్‌లో ఇవేవీ జరగవు. 'బతికే ఉన్నాను' అని పంపే హార్ట్‌బీట్ సంకేతం ఆగిన సర్వర్ కూలిందో, నెట్‌వర్క్ తెగిందో పక్కదానికి తెలియదు. అందుకే ఫెన్సింగ్‌తో దాన్ని బలవంతంగా ఆపేస్తుంది, లేదా రీబూట్ చేస్తుంది. ఆ తొందరలో డంప్ సగంలోనే ఆగిపోవచ్చు. ఈ చిక్కు కాగితం మీద దొరకదు, కూల్చి చూసినవాళ్లకే దొరుకుతుంది. డేటా పోతుందన్న భయం మాత్రం నిజమే. డిస్కుకు చేరనిది పోతుంది. అందుకే తెలిసినవాళ్లు అలాంటిదే మరో యంత్రం మీద, బ్యాకప్ తిరిగి ఎక్కుతుందని చూసుకున్నాకే ఆ అక్షరం కొడతారు. నెట్‌ఫ్లిక్స్ వారి కేయాస్ మంకీ నడుస్తున్న సర్వర్లనే ఆపేస్తుంది కదా అంటే, అదీ ఇంజినీర్లు సిద్ధంగా ఉండే పనివేళల్లోనే.