చైనును చూచిన కన్నులు



తెరమీద ఏమున్నదో విమర్శకులు చెప్పుదురు. తెర యెదుట కూర్చున్నవారు ఏమి చూచిరో, ఏమి చూడక లేచి వచ్చిరో చెప్పుట అంతకంటె కష్టమైన పని. 1989వ సంవత్సరము అక్టోబరు 5వ తేదీన విడుదలయిన "శివ" చిత్రమును గూర్చి నేడు మన చల్లపల్లిలో ఎవరినైనను అడిగి చూడుడి. కథ మరచినవారున్నారు, పాటలు మరచినవారున్నారు. సైకిలు చైనును మరచినవారు మాత్రము కనబడరు. ఇది ఏల జరిగినదని విచారించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఇది రామ్‌గోపాల్ వర్మగారి మొదటి చిత్రము. ఆయన చదివినది విజయవాడను ఆనుకొనియున్న కానూరులోని సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాలలో. ఉయ్యూరు, కంకిపాడు దాటి బెజవాడ పోవు మన బస్సు ఆ కానూరు మీదుగానే పోవును. విద్యార్థి దశలో అక్కడ చూచినదే ఈ కథకు మూలమని ఆయనయే చెప్పియున్నారు. అన్న యింట ఉండి చదువుకొనుటకు శివ యను యువకుడు కళాశాలలో చేరును. అక్కడ జె.డి. యను విద్యార్థి నాయకుడు. వాని వెనుక భవాని యను రౌడీ. భవాని వెనుక రాజకీయము. ఒకనాడు తగవు ముదిరి శివ సైకిలు చైనును ఊడలాగి పిడికిటికి చుట్టుకొనును. అది మొదలు దెబ్బకు దెబ్బయే. స్నేహితుడు హతుడగును. తుదకు అన్నకూతురైన పసిపాప భవాని చేతిలో ప్రాణము కోల్పోవును.

ఈ చిత్రము వచ్చిన కాలమును కూడ జ్ఞాపకము చేసికొనవలెను. విజయవాడలో 1970, 80 దశకములలో విద్యార్థి సంఘములు ముఠాల వెంట నడిచి, హత్యకు హత్య జవాబైన దినములవి. 1988 డిసెంబరు 26వ తేదీన నిరాహారదీక్షలో నున్న శాసనసభ్యుడు వంగవీటి మోహనరంగారావు హత్యకు గురియయ్యెను. నగరము తగులబడెను, కర్ఫ్యూ విధించిరి. ఆ బూడిద మీద పది నెలలైనను నిండక మునుపే "శివ" వచ్చెను. కావున మన జిల్లావారు దానిని కల్పితకథగా చూడలేదు. బెజవాడలో కొడుకును చదివించుకొనుచున్న ప్రతి తల్లియు తన బిడ్డను తెరమీద వెదకికొనెను.

అప్పుడు మన ఊరిలో మూడు విధములైన మాటలు వింటిని.

మొదటిది పెద్దల మాట. "ఇది పిల్లలను చెడగొట్టు చిత్రము, చూడవద్దు" అనిరి. వారిలో చాలమంది దానిని చూచినవారు కారు. కళాశాలలోనికి కత్తులను తెచ్చినది సినిమా కాదు; సినిమా రాకమునుపే అవి అక్కడ నుండెను. విద్యార్థి సంఘపు చందాలిచ్చినవారును, ఊరేగింపులకు లారీలిచ్చినవారును పెద్దలే గదా. చూడవద్దనిన తండ్రి, తన కొడుకు ఏ జెండా క్రింద తిరుగుచున్నాడో అడిగినాడా?

రెండవది చదువుకొన్నవారి మాట. "ఉన్నదే చూపినాడు, తప్పేమి?" అనిరి. ఇందులో సగము నిజమున్నది. నాయకుని వెనుక రౌడీని, రౌడీ వెనుక రాజకీయమును అంత సూటిగా చూపిన తెలుగు చిత్రములు అంతకుముందు అరుదు. అయితే ఉన్నదంతయు ఒకే వెలుగులో చూపబడదు. చైను తెగిన చప్పుడు చెవిలో నిలుచునట్లును, పిడికిలి కన్నుల నిండ కనబడునట్లును తీసిరి. పాప మరణము వచ్చునప్పటికి ప్రేక్షకుని మనస్సు అప్పుడే చివరి పోరాటము కొరకు పరుగెత్తుచుండును. చైనుకు దొరికినంత తీరిక దుఃఖమునకు దొరకలేదు. ఈ భారము దర్శకునిదే. దీనిని ప్రేక్షకుని మీదికి నెట్టుట న్యాయము కాదు.

మూడవది కుర్రవారి మాట. అది మాట కాదు, ఈల. ఆ రోజులలో మా బజారులోని సైకిలు షాపు పెద్దాయన నాతో ఇట్లనెను: "ఏమండీ, నిన్న ఇద్దరు కుర్రాళ్లు పాత చైను ముక్క ఉందా అని వచ్చారు. సైకిలేదిరా అంటే, సైకిలు లేదన్నారు! చైను చేత్తో లాగితే వస్తుందా అండీ? లింకు ఊడదీస్తేగాని రాదు. అట్లా లాగితే ముందు తెగేది వేళ్లే." ముప్పది యేండ్లు చైనులు బిగించిన ఆ మనుష్యుడు చెప్పిన దానికంటె మంచి విమర్శను ఆ చిత్రమును గూర్చి నేను చదువలేదు.

ఇది మన పిల్లలకే కలిగిన చాపల్యము కాదు. 1955లో అమెరికాలో "బ్లాక్ బోర్డ్ జంగిల్" అను చిత్రము వచ్చెను. అది పెద్ద పట్టణపు పాఠశాలలో ఉపాధ్యాయుని మీద కత్తి దూయు కుర్రవారి కథ. లోకము ఈ కీడును ఎరిగి మేల్కొనవలెనని చిత్రము మొదటనే అక్షరములలో వ్రాసి చూపిరి. ఇటలీలోని అమెరికా రాయబారి క్లేర్ బూత్ లూస్ అభ్యంతరము చెప్పగా వెనిసు చిత్రోత్సవము నుండి దానిని తీసివేసిరి. ఇంతకును కుర్రవారు దేని కొరకు పోయిరి? మొదట వినబడు రాక్ అండ్ రోల్ పాట కొరకు. హాలులో కుర్చీల నడుమ నాట్యమాడిరి. అక్కడ పాట, ఇక్కడ చైను. హెచ్చరిక తెరమీదనే మిగిలిపోయెను.

2025 నవంబరు 14వ తేదీన "శివ"ను కొత్త స్పష్టతతో, డాల్బీ అట్మాస్ శబ్దముతో మరల విడుదల చేసిరి. ఆనాడు ఈల వేసిన కుర్రవాడు నేడు ఏబది దాటిన తండ్రి. అట్టి స్నేహితుడొకడు కొడుకును వెంటబెట్టుకొని చూచివచ్చి, "చైను సీనుకు ఇప్పుడు కూడ హాలు అదిరిపోయింది" అని సంతోషముతో చెప్పెను. నేను, "ఆ పాప పేరేమిరా?" అని అడిగితిని. "ఏ పాప?" అనెను.

సైకిలు ముందు కూర్చుండి, కార్లు తరుముకొని వచ్చుచుండగా శివను అంటిపెట్టుకొనియున్న పాప. హాలంతయు ఊపిరి బిగపట్టి ఆమె కొరకు భయపడెను. తరువాత ఆమె చనిపోయినది. శివ భవానిని చంపెను. హాలు చప్పట్లు కొట్టెను. గెలిచినవాడు అన్న యింటికి ఏమి తీసికొని పోయెనో ఎవరును అడుగలేదు. నిజము చెప్పవలెనన్న, ఆ పేరు నాకును జ్ఞాపకము లేకుండెను. దాని కొరకే చిత్రమును మరల చూచితిని. అప్పుడు అది వేరొక చిత్రముగా కనబడెను.

ఆ చిత్రము విడుదలయిన నవంబరు 14 బాలల దినోత్సవమగుట తలచుకొనినప్పుడు నాకు మనస్సు కలుక్కుమనెను.

ప్రియ చదువరీ, నీ కుమారుడు రేపు బెజవాడ బస్సు ఎక్కును. వాడు ఏ సినిమా చూడవలెనో నీవు కాపు కాయలేవు. ఫోనులో వాని చేతిలోనే తెరయున్నది. అయితే చూచి వచ్చినవానిని కూర్చుండబెట్టి అడుగగలవు: ఎవరు కొట్టిరి అని కాదు, ఎవరు చచ్చిరి అని, వారి పేరేమి అని, వారి యింట ఆ రాత్రి ఎవరు ఏడ్చిరి అని. 1988లో మన జిల్లాలో అట్లు ఏడ్చిన ఇండ్లు అనేకములు. ఆ ప్రశ్న అడుగు తండ్రి ఇంటనుంటే, ఏ చిత్రమైనను ఆ పిల్లవానికి పాఠమే యగును. అడుగువాడు లేనియెడల చైనొకటే మిగులును.

ఈ రాత్రి భోజనముల వేళ అడిగి చూడుడి.