వియోగము మనిషిని పెంచునా?

ఆప్తవియోగము మనిషిని పక్వపరచునని పెద్దలందురు. వెంకటమ్మనహళ్లిలో కూర్చుండి, 1940వ దశకమున పుట్టిన రెండు నవలలను మరల చదివిన పిమ్మట, ఈ మాటను మేము పూర్తిగా నమ్మజాలకున్నాము.

గోపీచందుగారి ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావునకు తండ్రి వంశప్రతిష్ఠ నిలుపుమని చెప్పి కన్నుమూసెను. ఆ మాటకై అతడు ఆస్తి పోగొట్టుకొని, ఆలిబిడ్డలను నొప్పించి, తుదకు తానే నశించెను. బుచ్చిబాబుగారి ‘చివరకు మిగిలేది’లో దయానిధికి తల్లి పోయినను ఆమెపై లోకనింద పోలేదు, భార్య ఇందిరయు గతించెను. అయినను అతడు లోకమును గెలువజూడక, తన మనస్సుతో సంధి చేసికొనెను.

ఇరువురి దుఃఖమును గొప్పదే. ఒకడు పోయినవారి మాటను మోసెను. ఒకడు దాని బరువెంతో తూచి చూచెను. వియోగము పెంచదు, ఆ తూనికయే పెంచును. తాతలనాటి మాటను కన్నడసీమలో నిలుపుకొన్న మన కుటుంబములకు ఈ భేదము తెలియదగినది.