ఒక్కడి ఎసరు

రుషికొండ సందుల్లో అద్దెగది కోసం తిరిగితే, ఇంటివాళ్ళు జీతం సంగతి తర్వాత అడుగుతారు. ముందడిగేది "వంట చేసుకుంటారా?" అని. చేసుకుంటామంటే గోడలకి నూనె మరకలని భయం. చేసుకోమంటే బయట తిని ఏ అర్ధరాత్రో వచ్చి గేటు కొడతామని భయం. ఉద్యోగం మీద వచ్చిన నాలాంటి యాభై దాటినవాడికీ ఇదే విచారణ. పెళ్ళాం పిల్లలు ఊళ్ళో ఉన్నా సరే, గదిలో దిగేది ఒక్కడే అయితే బ్యాచిలర్ కిందే లెక్క. అడ్వాన్సు, కరెంటుకి సబ్ మీటరు, నీచు వండకూడదన్న షరతు, రాత్రి గేటు తాళం. అన్నిటికీ తలూపితే తాళంచెవి చేతికొస్తుంది.

1980లో గీతం కాలేజీ మొదలై, ఆ తర్వాత కొండల మీద ఐటీ భవనాలు లేచాక, ఈ చుట్టుపక్కల ఇళ్ళ మీద పైగదులు మొలిచాయి. ఒక మూల బాత్రూం, ఇంకో మూల చిన్న గట్టూ సింకూ, మధ్యలో మంచం పట్టేంత చోటు. కొత్తగా దిగినవాళ్ళు రాత్రుళ్ళ గురించి బెంగపెట్టుకుంటారు. ఆ బెంగ తొందరగానే పోతుంది. నిద్రకి తోడెందుకు? అంత తొందరగా తేలనిది గట్టు దగ్గరి వ్యవహారం.

మన వంటంతా నలుగురి లెక్క మీద నేర్చుకున్నది. ఎవరైనా వస్తారేమోనని చివర్న ఇంకో గుప్పెడు బియ్యం పోయడం చేతికి అలవాటు. ఆ చెయ్యి అద్దెగదిలోకీ అలాగే వస్తుంది. సరే, గుప్పెడు తగ్గిద్దాం. నీళ్ళో? గ్లాసుకి రెండు గ్లాసులన్న సూత్రం అరగ్లాసు బియ్యం దగ్గర పనిచెయ్యదు. బియ్యం తాగే నీళ్ళు బియ్యాన్ని బట్టి ఉంటాయి. ఆవిరైపోయే నీళ్ళు గిన్నె మూతి వెడల్పునీ పొయ్యి మీదున్న సేపునీ బట్టి ఉంటాయి. బియ్యం సగమైనంత మాత్రాన ఆవిరి సగం కాదు. అందుకే ఒక్కడి అన్నం పలుకు మిగులుతుంది, లేదంటే అడుగంటుతుంది. మూతి చిన్నదైన గిన్నె, బరువైన మూత, కాసిని నీళ్ళు అదనం, సన్నటి సెగ. గుప్పెడు కందిపప్పు కుక్కరు అడుగున వేస్తే పరుచుకుని మాడుతుంది. కుక్కర్లో నీళ్ళు పోసి, పప్పుని చిన్న గిన్నెలో పెట్టి దింపాలి. పోపు గరిటెలోనే. చారు మాత్రం ఒక్కడికి పెట్టడం నావల్ల కాలేదు. ఎంత కొంచెం పెట్టినా ముగ్గురికి సరిపోతుంది.

గ్యాస్‌కి ఇప్పుడంత తిప్పలు లేవు. ఐదు కిలోల చిన్న సిలిండరు గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు, చిరునామా రుజువు అడగరు. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో దానికి ఛోటూ అని పేరు కూడా పెట్టింది. సముద్రపు గాలితోనే పేచీ. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీళ్ళు లాక్కుని కరగడం మొదలెడుతుంది. ఇక్కడ ఆ హద్దు దాటని వారం ఎప్పుడొస్తుందో చూడాలి! ఇనప పెనాన్ని కడిగి ఊరికే వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబారుతుంది. తుడిచి నూనె రాయాల్సిందే.

భీమిలి రోడ్డు మీద ఇక్కడికి దగ్గర్లోనే తొట్లకొండ ఉంది. సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తున, రెండువేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు కాపురమున్న చోటు. కాపురం అనకూడదేమో. నౌకాదళం స్థావరం కోసం చేసిన విమాన సర్వేలో ఆనవాళ్ళు బయటపడితే, 1988 నుంచి రాష్ట్ర పురావస్తు శాఖవాళ్ళు తవ్వారు. శాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళు స్తూపం దగ్గర ఫోటోలు దిగుతారు. నా కళ్ళు గదుల పునాదుల మీదికే పోతాయి. విహారాలన్నిట్లో కలిపి 72 చిన్న గదులు. వంటశాల, భోజనశాల మాత్రం అందరికీ కలిపి విడిగా కట్టుకున్నారు. సంసారాన్ని వద్దనుకుని, ఏకాంతాన్ని కోరి కొండెక్కినవాళ్ళే తిండి దగ్గర ఒంటరిగా ఉండాలనుకోలేదు. ఏకాంతం కోరని మనకేమో పడకా పొయ్యీ ఒకే తలుపు వెనక.

ఈ కాలపు భోజనశాల కర్రీ పాయింటు. చీకటిపడితే చాలు కాలేజీ కుర్రాళ్ళు, షిఫ్టు దిగినవాళ్ళు, నాలాంటి బదిలీల వాళ్ళు అక్కడ గుమిగూడతారు. అన్నం గదిలో, కూర కవర్లో. "ఒక్కరికేనాండీ? అయితే సాంబారొద్దులెండి, మిగిలిపోద్ది. వంకాయ పట్టుకెళ్ళండి" అంటుంది కొట్టావిడ. నా ఆకలి కొలత నాకంటే ఆవిడకే బాగా తెలుసు. ఆ కొట్లే లేకపోతే ఈ పైగదులకి సగం మంది అద్దెకి రారు. అయితే ఆవిడా కవరుకి రబ్బరు బ్యాండు వేసి ఎవరి గదికి వాళ్ళని పంపేస్తుంది. కంచం ముందు ఫోను నిలబెట్టుకుని, ఎవరో ఏదో మాట్లాడుతుంటే చూస్తూ తింటాం. ఏం తిన్నామో లేచేసరికి గుర్తుండదు.

అందుకని మా మేడ మీది నాలుగు గదులవాళ్ళం ఆదివారానికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. అన్నం ఒకరిది, కూర ఒకరిది, పెరుగూ అప్పడాలూ ఒకరివి. ఒక్కడికి కుదరని నా చారు నలుగురికి చక్కగా కుదిరింది. కుక్కరెవరు తోమాలన్న గొడవ తెగడానికి కొన్ని వారాలు పట్టింది. తెగంది చోటు. మంచం ఉన్న గదిలో నలుగురు చతికిలబడితే వడ్డించేవాడికి కాలు పెట్టే వీలుండదు. నీళ్ళ ట్యాంకు పక్కన ఒక రేకుల షెడ్డు ఖాళీగా ఉంది. పాత తలుపులూ సిమెంటు సంచులూ ఓ మూలకి జరిపితే నలుగురికీ పీటలు పడతాయి.

ఇంటాయన్ని అడిగాం. ఆలోచించి, "కలిపి ఎంతిస్తారు?" అన్నాడు. బేరం సాగుతోంది.